మూతలో మిగిలిన మాట

‘తూర్పుగాలి’ దినపత్రిక జిల్లా డెస్కులో నూకరత్నం ఉద్యోగం వార్తలు దిద్దడం. మండలాల విలేకరులు పంపేవాటిలో తాలు చెరిగి గింజ మిగల్చడం. ఆ పనిలో ఆమె చెయ్యి చురుకు, నోరు మాత్రం తెరిచేది కాదు. పని తగ్గిన వేళ ల్యాప్‌టాప్ మీదికి వంగి ఏవేవో చిలిపి ప్రోగ్రాములు రాసుకునేది. ఒకసారి, నాయకుల ప్రసంగంలో ‘త్వరలో’ అన్న మాట వచ్చినప్పుడల్లా కాకి అరిచేలా చేసింది. ఆ సాయంత్రం డెస్కులో ప్రసంగం వినిపించలేదు, కాకులే వినిపించాయి. ఇంకోసారి క్యాంటీను టీకి ఫోను కెమెరా చూపిస్తే అందులో నీళ్ళ పాలెంతో చెప్పే ఆట చేసింది. క్యాంటీను నడిపే మంగాయమ్మ ఆనాటి నుంచి ఆమెకు మాత్రం చిక్కటి టీ పోసేది, పోస్తూ తిట్టేది.

“ఈ తెలివి కాస్త జిల్లా పేజీ మీద కూడా చల్లమ్మా,” అనేవాడు డెస్కు ఇన్‌చార్జి ఇందుశేఖర్.

ఆదివారం అనుబంధానికి లక్కబొమ్మల మీద వ్యాసం కావాల్సి వచ్చింది. “నీది వరాహపేటే కదా రత్నం, నువ్వే రాయి. వెబ్ పేజీకి ఒక ఆట కూడా కట్టు,” అన్నాడు. ఊరి పేరు వినగానే ఆమె తల దించుకుంది. ఇందుశేఖర్ అది వినయమనుకున్నాడు.

ఆ ఊళ్ళో ఆమె తండ్రి సూరిబాబు లేత్ మీద బొమ్మలు తీసేవాడు. చిన్నప్పుడు ఆమె ఆ షెడ్డులోనే, పొట్టు కుప్పల మీద కూర్చుని ఎక్కాలు చదివింది. అంకుడు కర్ర గిరగిరా తిరుగుతుంటే ఉలి సన్నగా గీసుకుంటూ పోవడం గంటల తరబడి చూసింది. ఇప్పుడు వ్యాసం రాయడానికి కూర్చుంటే ఆ దృశ్యమే కళ్ళ ముందు తిరిగింది. ఉలి గీస్తున్నప్పుడు పక్కన ఎవరైనా మాట్లాడితే గాలి వణుకుతుంది. గాలితో పాటు ఉలీ వెంట్రుకవాసి వణుకుతుంది. ఆ వణుకు కర్ర మీద మిగిలిపోదా? పాత గ్రామఫోను పళ్ళెం మీద పాట మిగిలినట్టు?

ఫోను లైటు ఏటవాలుగా వేసి, బొమ్మను మెల్లగా తిప్పుతూ ఫొటోలు తీసి, గీతల ఎత్తుపల్లాలను శబ్దంగా మార్చే ప్రోగ్రాం రాసింది. బొమ్మల పైభాగం ఏమీ చెప్పలేదు. లక్క పట్టించాక మొగలి ఆకుతో మెరుగు పెడతారు, ఆ వేడికి గీతలన్నీ కరిగి పూడిపోతాయి. భరిణెల లోపల మాత్రం ఎవరూ మెరుగు పెట్టరు. అక్కడ చివరి కోత కోసినది కోసినట్టే ఉంటుంది.

లోపలి గీతలు మొదట గర్రుమన్నాయి. మోటారు రొద, బెల్టు చప్పుడు, వీధి గోల కలగలిసిన గర్రు. దానికి ఆమె ఒక జల్లెడ రాసింది. ఉలికి దగ్గరగా, గట్టిగా పలికిన గొంతును ఉంచి తక్కినదంతా పారబోసే జల్లెడ. ఇందుశేఖర్ బల్ల మీది గుండుసూదుల భరిణెను దాని కింద పెడితే, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి స్పష్టంగా అడిగాడు.

“ఒరే, బీడీ ఉందేటి?”

డెస్కంతా పొట్ట పట్టుకుని నవ్వింది. మంగాయమ్మ టీ పళ్ళెం కింద పెట్టి మరీ మూడుసార్లు విన్నది. నూకరత్నం కూడా నవ్వింది. నవ్వుతుండగానే ఆమెకు ఇంట్లో అమ్మ దగ్గరున్న భరిణె గుర్తొచ్చింది.

*

అది తండ్రి చేసిన చివరి భరిణె. కుంకుమ మానేశాక సన్యాసమ్మ అందులో సూదులూ గుండీలూ వేసుకునేది.

సూరిబాబు ఊరికే పోలేదు. నూకరత్నం ఎనిమిదో తరగతిలో ఉండగా, ఎక్కడికో ఎగుమతి అయిన పిల్లల బొమ్మలు వెనక్కి తిరిగొచ్చాయి. ఆకులూ గింజలూ ఉడికించి తీసిన రంగు కాదని, ఎరుపులో ఇనుప సామాన్లకు వేసే డబ్బా రంగు కలిసిందని, అందులో సీసముందని కొన్నవాళ్ళు పరీక్ష చేయించి రాశారు. ఊరి పనివాళ్ళ సంఘం కూర్చుంది. “ఎర్రరంగు డబ్బా సూరిబావ షెడ్డులోనే సూసినాను,” అని నలుగురిలో చెప్పినవాడు పోలినాయుడు. సూరిబాబుకు మేనమామ కొడుకు, అదే షెడ్డులో పక్క లేత్ మీద పనిచేసినవాడు. సూరిబాబు ఔననలేదు, కాదనలేదు. సంఘం ఆయన చేత ఉలి కింద పెట్టించింది. ఆ తర్వాత సిమెంటు గోదాములో బస్తాలు మోస్తూ, ఒక ఎండాకాలం మధ్యాహ్నం అక్కడే కూలబడి పోయాడు. తల్లీకూతుళ్ళు ఊరు వదిలి వచ్చేశారు. ఆయన లేత్ పోలినాయుడికి వెళ్ళింది. ఆయన స్థానమూ వెళ్ళింది. ఇవాళ వరాహపేట పేరు చెబితే అందరూ చూపించేది పోలినాయుడినే. పట్నం నుంచి వచ్చే పిల్లలకు బొంగరం తీయడం నేర్పుతూ తీసుకున్న ఫొటోలు నూకరత్నం పనిచేసే పేపర్లోనే చాలాసార్లు పడ్డాయి. వాటి కింద రెండు వరుసలు దిద్దింది కూడా ఆమే.

లక్క కణిక చల్లబడితే రాయిలా ఉంటుంది. తిరిగే కర్రకు ఆనించగానే కరిగి అంటుకుంటుంది. ఆమె లోపలి పగ అలాంటిదే. ఇన్నేళ్ళూ ఆనించడానికి ఒక చోటు దొరకలేదు, అంతే.

“అమ్మా, ఆ భరిణె ఓసారియ్యి.”

“ఎందుకే?”

“నాన్న గొంతు ఉంటుందేమో చూద్దాం.”

సన్యాసమ్మ గుండీలు ఒక్కొక్కటే చీర చెంగులో పోసుకుని భరిణె ఇచ్చింది.

నూకరత్నం ముందు గిన్నె భాగాన్ని లైటు కింద పెట్టింది. జల్లెడలోంచి వచ్చిన గొంతు వినగానే ఆమె వీపు నిటారైంది. పోలినాయుడి గొంతు.

“ఆ డబ్బాలో ఎర్రరంగే ఎట్టీ బావా. ఎవుడు సూస్తాడు?”

తర్వాత మూత పెట్టింది. అందులో తండ్రి ఉన్నాడు. ఏళ్ళ కింద చచ్చిపోయిన మనిషి, గొంతులో చిన్న జీరతో సహా.

“వొద్దు. పిల్లలు నోట్లో ఎట్టుకుంతారు.”

రెండింటినీ ఒకదాని పక్కన ఒకటి అతికించి మళ్ళీ వినిపించింది. ఎట్టీ బావా, ఎవుడు సూస్తాడు? వొద్దు, పిల్లలు నోట్లో ఎట్టుకుంతారు. వార్త అచ్చుకు సిద్ధమైనట్టు ఉంది. ఒక్క అక్షరం దిద్దనక్కర్లేదు.

“నాన్న వద్దన్నాడమ్మా! కలపమన్నది ఆ పోలిగాడు. కలిపించి, పట్టించి, లేత్ పట్టుకుపోయాడు.”

సన్యాసమ్మ గోడకు ఆనుకుని ఉంది. “మీ నాన్న గొంతేనేటి అది?” అంది. తర్వాత మెల్లగా అడిగింది. “ఇంకేటి ఇనబడతంది అందులో?”

“ఇంతే. మిగతాదంతా చెత్త, తీసేశాను.”

“తీసీసినావు కదా,” అంది సన్యాసమ్మ. ఆ పూట అన్నం తినలేదు. కూతురు అది దుఃఖమనుకుంది.

*

ఆదివారం వ్యాసం మధ్యలో భరిణె బొమ్మ, దాని పక్కన నొక్కితే పలికే గుర్తు. వారం తిరక్కుండా జిల్లాలో ఆ రెండు వాక్యాలు వినని ఫోను లేదు. టీకొట్ల దగ్గర కుర్రాళ్ళు ఒకరినొకరు ‘ఎవుడు సూస్తాడు బావా’ అని పలకరించుకున్నారు. ఆయన పిల్లలకు నేర్పే శిక్షణ కేంద్రం గోడ మీద పోలినాయుడి పేరు సున్నం కింద పోయింది. కొనేవాళ్ళు ఫోన్లు ఎత్తడం మానేశారు. నూకరత్నం ప్రతిదీ చూసింది, ప్రతిదీ దాచుకుంది. రోజూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తండ్రి మోసిన బస్తాలు ఆ ముసలివాడి వీపు మీదికి ఒక్కొక్కటే ఎక్కిస్తున్నట్టు ఊహించుకునేది. ఆ ఊహ తియ్యగా ఉండేది.

ఒక మధ్యాహ్నం మండల విలేకరి నుంచి వార్త వచ్చింది. వరాహపేటలో కొందరు యువకులు పోలినాయుడి షెడ్డు మీద పడ్డారు, లేత్ పడగొట్టారు. అడ్డం వెళ్ళిన పోలినాయుడి కుడిచెయ్యి తిరుగుతున్న బెల్టులో పడి రెండు వేళ్ళు తెగిపోయాయి.

“సింగిల్ కాలమ్ చాలమ్మా, చోటు లేదు,” అన్నాడు ఇందుశేఖర్.

చోటుకు సరిపోవాలంటే రెండు వాక్యాలు పోవాలి. ఆమె చెయ్యి తడబడలేదు. ‘వృద్ధుడు’ అన్న మాట తీసేసింది. వేళ్ళ సంగతి తీసేసింది. మిగిలిన దానికి శీర్షిక పెట్టింది. ‘రంగు బయటపడింది’.

ఆ రోజు మంగాయమ్మ పోసిన టీ తాగుతూ, చాలా ఏళ్ళ తర్వాత తన భుజాలు తేలికగా ఉన్నాయని గమనించింది.

*

“పాఠకులు అడుగుతున్నారు రత్నం,” అన్నాడు ఇందుశేఖర్ ఇంకో వారం పోయాక. “అసలు గీతల్లో ఎలా వినిపిస్తుందో, జల్లెడ పట్టాక ఎలా మారుతుందో పక్కపక్కన వినాలట. ఒక మీట పెట్టు. అటు లాగితే చెత్త, ఇటు లాగితే శుభ్రం. సరదాగా ఉంటుంది.”

సరదా పనే. భోజనం వేళ కాకముందే మీట కట్టేసింది. పరీక్షించడానికి అందరూ ఎరిగిన భరిణె ఫొటోలే తెరిచింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గిన్నె భాగం మీద మీటను మెల్లగా చెత్త వైపు లాగింది.

ముందు వాన. రేకు మీద టపటపమని కొట్టే వాన. ఆ వాన కింద, షెడ్డు గుమ్మం దగ్గరి నుంచి కాబోలు, ఒక పిల్ల గొంతు.

“నాన్నా, నా సైకిలు తుప్పట్టీసింది. బళ్ళో అందరూ నవ్వుతన్నారు.”

దాని వెంటనే పోలినాయుడు. “ఆ డబ్బాలో ఎర్రరంగే ఎట్టీ బావా. ఎవుడు సూస్తాడు?”

ఆ పిల్ల తనే.

సైకిలు గుర్తొచ్చింది. ఎవరో వాడి వదిలేసిన సైకిలు. ఒక వానాకాలం తండ్రి దానికి ఎర్రరంగు కొట్టాడు. తుప్పు ఎవరికీ కనబడలేదు. ఆమె ఊరంతా గంట కొట్టుకుంటూ తిరిగింది.

మూతకు మీట లాగడానికి ఆమె వేలు కదల్లేదు. మూత వేరు, గిన్నె వేరు. ఈ సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా? పచ్చికర్ర ఆరి ముడుచుకుంటుందని గిన్నె తీసి నెలల తరబడి అటక మీద పడేస్తారు. అది ఆరాక కొలత చూసి మూత తీస్తారు. ఆ అటక కింద పెరిగిన పిల్ల తను. పగ పట్టిన పూట అది గుర్తు రాలేదు. రెండు వేర్వేరు రోజుల మాటలు తీసుకుని, పక్కపక్కన పేర్చి, ఒక సంభాషణ చేసింది. డెస్కులో రోజూ చేసే పనే.

లాగింది. మూతలో వాన లేదు. ఎండాకాలపు కోయిల అరుస్తోంది. దాని వెనక, లేతుకు దూరంగా, గడప మీద కూర్చుని లక్క ముద్దలు పిసికేవాళ్ళుండే చోటి నుంచి, సన్నగా అమ్మ గొంతు.

“ఈ మంజిష్ఠ రంగు నాసిది. ఎరుపు తేలటం లేదు. సైకిలుకి తెచ్చిన డబ్బా ఉంది గదా, అది కలిపీసినాను.”

“వొద్దు. పిల్లలు నోట్లో ఎట్టుకుంతారు.”

“సగం బొమ్మలు ఎల్లిపోనాయి గదా.”

తర్వాత ఎవరి మాటా లేదు. కోయిల, ఉలి, అంతే. ఒకచోట మాత్రం ఉలి లోతుగా దిగిన చప్పుడు.

రంగు కలిపేది ఆడవాళ్ళని వరాహపేటలో చీమకు కూడా తెలుసు. సంఘం అడిగింది సూరిబాబును. కొన్నవాళ్ళు అడిగింది సూరిబాబును. తను అడిగింది ఒక భరిణెను. గడప మీద కూర్చున్న మనిషిని ఎవరూ అడగలేదు.

*

సన్యాసమ్మ వాకిట్లో చింతపండు ఈనెలు తీస్తోంది. కూతురు ఫోను ఆమె ముందు పెట్టి మీట లాగింది. పూర్తయ్యేదాకా సన్యాసమ్మ తల ఎత్తలేదు.

“నాను అడిగితే సెత్తన్నావు,” అంది.

“నువ్వు చెప్పొచ్చు కదా! అచ్చు కాకముందు చెప్పొచ్చు కదా!”

“సెప్పొచ్చు.” చేతులు చెంగుకు తుడుచుకుంది. “మీ నాన్న పోనాక సెప్పొచ్చు. సంగమోలు కూకున్ననాడు సెప్పొచ్చు. ఆ మనిసి నా కేసి సూసి, నోరిప్పకని కళ్ళతో సెప్పినాడు. ఇప్పలేదు. అప్పుడిప్పనిది, ఇంకెప్పుడిప్పుతానే?”

“మరి పోలి మావ ఏం చేశాడు?”

“డబ్బా సూసినానన్నాడు. నిజమే అన్నాడు. నిజం సెప్పినాడనే ఆడి మీద నా కోపం. నీకు తెలీక కోపం, నాకు తెలిసి కోపం. ఊరోలు ఆడి షెడ్డు ఇరగ్గొట్టినారని నువ్వు సెప్పిననాడు నా కడుపు సల్లబడింది. ఆడి సేతి ఏళ్ళు తెగిపోనాయని నువ్వు సెప్పలేదు. అది బస్సులో ఎవులో అంటే ఇన్నాను.”

ఆ వాక్యం తీసేసింది నూకరత్నమే.

సన్యాసమ్మ లోపలికి వెళ్ళి భరిణె తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టింది. “లేత్ మీదెట్టి మొగలాకు ఓ సుట్టు పట్టిస్తే తుడిసిపెట్టుకుపోద్ది. నీ ఫోనులోది నువ్వు తీసేసుకో. తీసీడం నీకు బాగా వొచ్చు గదా. లేదంటే పద, ఆడి కాడికి ఎల్దాం. నీ ఇష్టం. నానింక ఏ గడప మీదా కూకోలేను.”

భరిణె అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. తుడిచేస్తే అమ్మ మిగులుతుంది, తండ్రి పేరు మిగులుతుంది, తన వ్యాసం మిగులుతుంది. ఒక్క పోలినాయుడు మిగలడు. ఆమె లేచి చెప్పులేసుకుంది.

*

పోలినాయుడు షెడ్డులోనే ఉన్నాడు. లేత్ నిలబెట్టాడు. కొత్త బెల్టు వేశాడు. కుడిచెయ్యి కట్టుతో ఒళ్ళో ఉంది, ఎడమచేత్తో ఉలి పట్టుకుని ఒక కర్రముక్కను పాడుచేస్తున్నాడు. ఇద్దరినీ చూసి మోటారు ఆపాడు.

“రాయే పేపరమ్మా. ఇంకేటి మిగిలింది, ఎడంసెయ్యా?”

ఆమె సమాధానం చెప్పకుండా ఫోను బయటికి తీసి మీట పూర్తిగా లాగి వినిపించింది. సైకిలు మాట వచ్చినప్పుడు ముసలాయన పెదవి ఒక పక్కకు వంగింది. “ఈ గుంటే,” అన్నాడు, ఆ పిల్ల నూకరత్నమేనన్నట్టు గడ్డం ఆమె వైపు ఊపి. మూత మాట వచ్చేసరికి పెదవి మళ్ళీ సర్దుకుంది. సన్యాసమ్మ కేసి చూశాడు. ఆమె చూపు తప్పించలేదు.

“అన్నయ్యా, నానే కలిపినాను.”

“ఇప్పుడు తెలిసింది గదమ్మా.”

“రేపు సవరణ వేస్తాం మావా,” అంది నూకరత్నం.

“ఏటది?”

“తప్పు రాశాం, చింతిస్తున్నాం అని.”

“ఎక్కడేత్తారు? నన్నేసిన కాడేనా? అంతంత బొమ్మతోనా?”

సవరణలు ఎక్కడ, ఎంత వెడల్పున వేస్తారో నూకరత్నం కంటే బాగా ఎవరికీ తెలియదు.

పోలినాయుడు నవ్వాడు. నవ్వు ఆగాక కొత్త కర్రముక్క బిగించాడు. “సన్యాసమ్మా, నీ సోట్లో నువ్వు కూకో. పేపరమ్మా, నువ్విలారా. ఉలి దగ్గిరికి. ఇంకా దగ్గిరికి. నీ మిసను సెత్తని పారబొయ్యకుండా, గట్టిగా ఇనబడాల. ఎవులు కలిపినారు, నువ్వేటి అతికించినావు, ఏటి తీసీసినావు, అన్నీ సెప్పు. నాను కోత్తాను.”

మోటారు తిరిగింది. ఎడమచేతిలో ఉలి వణుకుతోంది. నూకరత్నం ముందుకు వంగింది. పొట్టు మొహాన కొడుతుండగా చెప్పింది. మా అమ్మ కలిపింది. నేను రెండు రోజుల మాటలు ఒక రోజువని అతికించాను. మా అమ్మ గొంతు తీసేశాను. పోలినాయుడు వృద్ధుడన్న మాట తీసేశాను. ఆయన వేళ్ళు తెగిన వాక్యం తీసేశాను. తీసేసి టీ తాగాను.

ఆ చివరిది ఆయన అడగలేదు, దానంతటదే వచ్చింది.

భరిణె వంకరగా తయారైంది. దానికి ఆయన లక్క పట్టించలేదు, మెరుగు పెట్టలేదు. ఆమె చేతిలో పెట్టాడు.

“మావా, క్షమించు.”

“పట్టుకెల్లు. బస్సు తప్పిపోద్ది.”

*

ఇందుశేఖర్ ఒప్పుకోలేదు. ఆదివారం అనుబంధంలో, అదే చోట, అదే వెడల్పున తప్పు ఒప్పుకోవడం పత్రికకు అలవాటు లేదన్నాడు. ఆమె వెబ్ పేజీలో పాత భరిణె తీసి కొత్త భరిణె పెట్టి, మీటను చెత్త వైపే బిగించి, ఆ తర్వాత అతనికి చెప్పింది. మళ్ళీ జిల్లాలో అన్ని ఫోన్లూ పలికాయి. సన్యాసమ్మ కుళాయి దగ్గరికి వెళితే ఆడవాళ్ళు బిందెలు పక్కకు జరుపుకున్నారు. ఆమె తన వంతు నీళ్ళు పట్టుకుని నిటారుగా నడిచి వచ్చింది. శిక్షణ కేంద్రం గోడ మీద సున్నం గీకి పోలినాయుడి పేరు బయటికి తీశారు. వేళ్ళకు మాత్రం ఏ మందూ లేదు.

వంకర భరిణె నూకరత్నం బల్ల మీద ఉంటుంది. వార్త దిద్దే ముందు ఒక్కోసారి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని దాన్ని వింటుంది. ముందు తన గొంతు, గట్టిగా. దాని వెనక గడప మీద అమ్మ ఊపిరి. ఇంకా వెనక్కి లాగితే, ఉలి జారిన గరగర కింద, ఆ రోజు మోటారు రొదలో ఆమెకు వినిపించని ఇంకో గొంతు ఉంది, పోలినాయుడిది. ప్రతి వాక్యం చివరా అది మెల్లగా, కోపం తెలియనివ్వకుండా, ఒకే మాట అంటుంది.

“ఇంకోపాలి సెప్పు.”